కిందికి దిగిన ముల్లు

మా క్యాంపస్ వెనక షెడ్డులో ఒక నీళ్ళ ప్లాంటు ఉంది. పీహెచ్‌డీ పేరుతో నేను అక్కడ చేసేదల్లా ఒత్తిడి మీటరు ముల్లును చూస్తూ కూర్చోవడమే. వడపోత పొరకు జిగురు పట్టిందంటే నీళ్ళను తోయడానికి ఒత్తిడి పెరుగుతుంది, ముల్లు పైకి పోతుంది. పొరను చేరకముందే నీళ్ళను బాగుచేసి ఆ జిగురు తగ్గించాలి. తగ్గకపోతే నాకు డిగ్రీ లేదు, మా గైడు శశిభూషణ్ గారి మొహాన నవ్వూ లేదు.

వడకట్టిన నీళ్ళు ఆడపిల్లల హాస్టలుకు పోతాయి. అక్కడ మెస్సులో వంట చేసే కృపారాణికి నెలల మనవరాలు ఉంది, పోతపాల పిల్ల. తార్నాకలో వాళ్ళ గల్లీ నల్లా రంగు మారుతోందని ఏడిస్తే, పాలపొడి కలపడానికి మా నీళ్ళు పట్టుకుపొమ్మని నేనే చెప్పాను. రోజూ ఒక బాటిల్ నింపుకొని పోతోంది.

పోయిన వారం ముల్లు దిగింది. శశిభూషణ్ గారు మిఠాయి పంచారు. నేనూ తిన్నాను, ఎందుకు అబద్ధం. కానీ ముల్లు ఆగలేదు. కొత్త పొర బిగించిన రోజు ఎక్కడుందో అంతకంటే కిందికి పోయింది. వాడిన పొర కొత్తదానికంటే తేలిగ్గా నీళ్ళు వదలడమేమిటి?

టెక్నీషియన్ నరేందర్‌ను అడిగాను. పాచి పట్టకుండా మేం ముందు నీళ్ళలో క్లోరిన్ కలుపుతాం. అది పొరను తినేస్తుంది కాబట్టి, రెండో డ్రమ్ములోని మందుతో దాన్ని విరిచాకే పొర మీదికి పంపుతాం.

“వార్డెన్ మేడం పరేషాన్ చేసింది,” అన్నాడు నరేందర్. “బ్లీచింగ్ వాసన రాకుంటే గవి మంచినీళ్ళెట్లయితయి అన్నది. అందుకే రెండో డ్రమ్ము బంద్ పెట్టిన. ఇప్పుడు వాసన మస్తు వస్తున్నది.”

నాకు ఒళ్ళు మండిపోయింది. వాడి మీదా, వార్డెన్ మీదా, ముల్లు తప్ప ఇంకేదీ చూడని నా మీదా. కరిగిన ఉప్పును కొలిచే మీటరును ప్లాంటుకు వచ్చే బోరు నీళ్ళలో ముంచాను, తర్వాత హాస్టలు నల్లా కింద పెట్టాను. రెండుచోట్లా ఒకటే అంకె. క్లోరిన్ తినేసిన పొర పేరుకు మాత్రమే ఉంది, దేన్నీ ఆపడం లేదు.

ఆ బోరులోకి మురుగు దిగి ఏళ్ళయింది. అందులోని నైట్రేటును ఆపడానికే అసలు ఈ పొర. పెద్దవాళ్ళు తట్టుకుంటారు. పాలపొడి తాగే పసిదానికి మాత్రం అది రక్తంలో ప్రాణవాయువు అందకుండా చేస్తుంది. కాచినా పోదు, నీళ్ళు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

మెస్సుకు పరుగెత్తాను. కృపారాణి నిన్నటి నుంచి రావడం లేదని, పిల్లకు బాగాలేదని తోటి వంటామె ప్రమీలమ్మ చెప్పింది. మొన్న పోతూ పోతూ పెద్ద క్యాను నిండా నీళ్ళు పట్టుకుపోయిందట.

కృపారాణికి ఫోన్ చేశాను.

“పిల్ల పెదవులు నీలంగయినయి పూర్ణిమమ్మా. గోర్లు గూడ. ఆటోల దవాఖానకు పోతున్నం.”

“కృపక్కా, ఆ నీళ్ళు పిల్లకు పట్టకు.”

ఆటో మోతలో ఆమెకు సగమే వినపడినట్టుంది.

“నీళ్ళ గురించి ఫికర్ చెయ్యకమ్మా. బయటియి ముట్టలే, మీయే. ఇయ్యాల ఇంకింత సేపు మరగబెట్టిన. గిదిగో, తాగుతున్నది.”