పద్నాలుగు భాగాలు కింద

"కిందికి పోతోంది," అన్నాడు భర్త పక్కగదిలోంచి.

ఆమె చేతిలో దుప్పటి సగం మడతలో ఉంది. కిందికి పోతున్నది దుప్పటి కాదు, ఆమె గొంతు. బట్టలు మడతపెడుతూ ఏదో కూనిరాగం తీస్తున్నానన్న సంగతి అతను అనేదాకా ఆమెకే తెలియదు. టక్కున నోరు మూసేసింది. పెళ్లైన ఈ పదకొండేళ్లలో అతను ఆ మాట చాలాసార్లు అన్నాడు గానీ, ఒక్కసారి కూడా కసిరి అనలేదు. వచ్చిన చిక్కల్లా అదే. కసిరితే తిరిగి కసరవచ్చు. అతను కీబోర్డు మాస్టారు. వంటింట్లో గిన్నె జారిపడితే అది ఏ స్వరమో కూర్చున్నచోటి నుంచే చెప్తాడు. లేచి వచ్చి గిన్నె తీసిన పాపాన మాత్రం పోడు. "వాడి చెవి బంగారమమ్మా, నీ మంచికే చెప్తాడు," అనేది అత్తగారు కొత్తలో. పాప పుట్టిన నెలకి ఈమె జోలపాట ఎత్తుకోబోతే, "నువ్వొద్దులే, పిల్ల చెవి ఇప్పుడిప్పుడే తయారవుతోంది," అని అతనే వచ్చి పాపని చేతుల్లోకి తీసుకున్నాడు. ఆ రోజుతో ఆమె పాడటం మానేసింది. మానేశానని ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు. పాలు, స్నానాలు, జ్వరాలు ఆమె వాటాకి వచ్చాయి. పాటలు అతని వాటాకి వెళ్లాయి.

విచిత్రమేమిటంటే ఆమె ఉద్యోగం కూడా పాటలతోనే. పిల్లల కోసం సంగీతం సాఫ్ట్‌వేర్ చేసే ఆఫీసు. తెరమీద రంగురంగుల బ్లాకులుంటాయి. ఒకదాని కింద ఒకటి తగిలిస్తే పాట తయారవుతుంది. "నాలుగుసార్లు వాయించు" అనే బ్లాకు నోట్లో ఒక "స", ఒక "గ" పెట్టారనుకోండి, అవి నాలుగుసార్లు మోగుతాయి. అందులో పిల్లలు తమ శ్రుతిని తామే కట్టుకునే పరికరం ఒకటుంటే ఎలా ఉంటుందని ఆమెకి తట్టింది. ఒక చక్రం, దాని అంచున కీబోర్డు మెట్లకి మల్లే పన్నెండు మేకులు. మెట్టుకీ మెట్టుకీ మధ్య దూరం వంద భాగాలు. మేకుని పట్టుకుని జరిపితే ఆ స్వరం అన్ని భాగాలు పైకో కిందికో వెళ్తుంది. మీటింగులో ఆమె ఈ సంగతి చెప్పినప్పుడు ఎవరూ ఫోన్లలోంచి తలెత్తలేదు. మరుసటి వారం సౌండ్ ఇంజనీరు అదే చెప్తే టీం లీడరు బల్ల చరిచి మెచ్చుకున్నాడు. మెప్పు అక్కడ ఆగిపోయి, పని మాత్రం భద్రంగా ఆమె దగ్గరికి వచ్చింది.

దానికి లీడరు తన వంతు ఒకటి కలిపాడు. "పిల్లలు మైకులో పాడతారు కదా, మెట్టుకి ఎంత తేడాలో ఉన్నారో ఎర్రగా చూపించాలి మేడం. 'సరిచేయి' అని ఒక బ్లాకు పెట్టండి. అది తగిలించగానే గొంతు దగ్గర్లో ఉన్న మెట్టు మీదికొచ్చి కూర్చోవాలి. శుక్రవారం చూపించండి. కుదరకపోతే చెప్పండి, సౌండ్ ఇంజనీరుకి ఇచ్చేస్తా. పాపం, మీకు ఇంట్లో పనులుంటాయి." ఇంట్లో పనులు లీడరుకి కూడా ఉంటాయని, వాటిని అతని ఇంట్లో ఇంకెవరో చేస్తూ ఉంటారని ఆమె అనలేదు. సరేనంది.

మీటింగులున్న రోజు తప్ప ఆమె పని ఇంటి నుంచే. ఇంట్లో భర్తకి తలుపున్న గది ఉంది. ఆమెకి భోజనాల బల్ల ఉంది. అంటే మూడు పూటలా కంచాలకి దారిచ్చి లాప్‌టాప్ ఎత్తి ఫ్రిజ్ మీద పెట్టాలి. మంగళవారం పదకొండింటికి, ఇంట్లో ఎవరూ లేని వేళ, ఆమె చక్రాన్ని పరీక్షకి పెట్టింది. ఎర్రరంగు సరిగ్గా వెలుగుతోందో లేదో చూడాలంటే ఒక తప్పు గొంతు కావాలి. అదెంత సేపు, ఇంట్లోనే ఉందిగా అనుకుని నవ్వుకుంది. వాషింగ్ మెషీన్ ఆపి, మైకు దగ్గరికి లాక్కుని, "స" మోగించి, దాని మీద "గ" పాడింది. ఎన్నేళ్లయిందో ఇలా పెట్టుకుని పాడి. మొదటిసారి గొంతు బొంగురుపోయింది. రెండోసారి నిలబడింది. తెర ఎర్రగా వెలిగింది: పద్నాలుగు భాగాలు కింద.

మళ్లీ పాడింది. పద్నాలుగు. మళ్లీ. పదమూడు. ఇరవైసార్లు పాడితే పదమూడుకీ పదిహేనుకీ మధ్యనే తిరిగింది, ఎక్కువసార్లు పద్నాలుగు దగ్గరే. ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. శ్రుతి లేని గొంతు ఇటు కొంతా అటు కొంతా పడాలి కదా. తప్పు చేసేవాళ్లు ఇంత క్రమశిక్షణగా చేస్తారా?

అప్పుడామె చేసిన పని చెప్తే మీరు ముక్కున వేలేసుకుంటారు. తన పరికరమే తప్పనుకుంది. ఒక రోజంతా తన కోడులో తప్పు కోసం గాలించింది. చారు పొంగిపోయింది, పాప స్కూలు చీటీ మీద సంతకం పెట్టటం మర్చిపోయింది, మరో పక్క ప్రతి లైనూ రెండేసిసార్లు దువ్వింది. భర్త గదిలోంచి శ్రుతి చూసుకునే ట్యూనింగ్ ఫోర్క్ తెచ్చి మోగించి చూస్తే పరికరం వెంట్రుకవాసి తేడా లేకుండా చెప్పింది. తను రాసినదాన్ని, ఫోర్కుని, తన చెవిని, అన్నింటినీ అనుమానించింది గానీ, పదకొండేళ్ల నాటి ఆ ఒక్క మాటని అనుమానించాలని ఆమెకి తట్టలేదు. చివరికి అది తట్టిన క్షణాన ఆమెకి ఒళ్లు మండింది, మరొకరి మీద కాదు, తన మీదే.

బుధవారం మధ్యాహ్నం కంచాలు తీశాక, చక్రంలో "స", "గ" రెండూ కలిపి మోగేలా బ్లాకులు తగిలించింది. మేకు కీబోర్డు మెట్టు మీద ఉన్నప్పుడు ఆ జంటలో సన్నటి వణుకు వినిపించింది, గబగబా, ఈగ రెక్కల చప్పుడులా. మేకుని కిందికి జరపసాగింది. అయిదు భాగాలు, వణుకు నెమ్మదించింది. పది, ఇంకా నెమ్మదించింది. పద్నాలుగు దగ్గర పూర్తిగా ఆగిపోయింది. రెండు స్వరాలూ ఒకే మనిషి ఊపిరిలా నిలబడ్డాయి. అంకెలు చూసుకుంది. "స" నాలుగుసార్లు కంపించే లోపల ఈ "గ" కచ్చితంగా అయిదుసార్లు కంపిస్తోంది. కీబోర్డులో అలా కుదరదు. పన్నెండు మెట్లూ సమానంగా రావాలని, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టినా ఒకేలా వాయించుకోవాలని, అక్కడ ప్రతి స్వరాన్నీ కాస్త కాస్త జరిపి సర్దుకున్నారు. అందులో తప్పేమీ లేదు, అదొక ఏర్పాటు. ఏర్పాటు అని ఆమెకి ఎవరూ చెప్పలేదు, అంతే. ఆమెకి నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగా, పాప ఉయ్యాల్లో ఉన్న రెండేళ్లూ తను జోల పాడలేదని గుర్తొచ్చింది. కాసేపు బల్లమీద తలపెట్టి ఏడ్చింది. తర్వాత, పాప వచ్చే వేళయిందని లేచింది.

మర్నాడు పొద్దున కాఫీ దగ్గర లాప్‌టాప్ భర్త ముందు పెట్టింది. "రెండు జంటలు వినిపిస్తా. ఏది శ్రుతిలో ఉందో చెప్పండి."

అతను కళ్లు మూసుకుని విన్నాడు. ఆ చెవి నిజంగా బంగారమే, ఆ విషయంలో ఆమెకి ఎప్పుడూ సందేహం లేదు. "రెండోది. మొదటిది వణుకుతోంది. ఎవరిది?"

"మొదటిది మీ కీబోర్డు. రెండోది నా గొంతున్న చోటు."

అతను నమ్మలేదు. మళ్లీ పెట్టమన్నాడు, తానే మేకు జరిపి చూశాడు. మనసులో ఏముందో గానీ మొహం మాత్రం చిన్నపిల్లాడిలా ఆశ్చర్యపోయింది. కప్పు పక్కన పెట్టి అన్నాడు. "అయినా నాతో కలిసి పాడాలంటే కీబోర్డుకి తగ్గట్టు పాడాలి కదా."

"మీతో కలిసి పాడాలంటే, అవును," అంది ఆమె. "మరి దుప్పటి మడతపెట్టుకునేటప్పుడు?"

అతను క్లాసుకి టైమైందన్నాడు.

గురువారమంతా ఆమె ఎర్రరంగు ముందు కూర్చుంది. "సరిచేయి" బ్లాకు రాయటం గంట పని. రాయకపోతే చక్రం చేజారుతుంది, ఆ పన్నెండు మేకులూ సౌండ్ ఇంజనీరు సొత్తవుతాయి. రాస్తే, ఎక్కడో ఒక పిల్ల మైకు ముందు నోరు తెరుస్తుంది. తెర ఎర్రబడుతుంది. ఆ పిల్ల నోరు మూసుకుంటుంది. ఈసారి ఆ నోరు మూయించేది పక్కగదిలోంచి వచ్చే మాట కాదు, తన చేతులతో తను రాసిన కోడు. అంత తెలిశాక ఎవరైనా రాస్తారా? ఆమె ఎర్రరంగు తీసేసింది. ఆ స్థానంలో కొత్త బ్లాకు ఒకటి చేసింది. దాని మీద "దేనితో పోల్చాలి?" అని రాసి, పక్కన ఒక ఖాళీ గడి పెట్టింది. పిల్లలు ఇష్టమైతే అందులో కీబోర్డు పెట్టుకోవచ్చు, అమ్మమ్మ గొంతు పెట్టుకోవచ్చు, నిన్నటి తమ గొంతే పెట్టుకోవచ్చు.

శుక్రవారం మీటింగులో లీడరు తెర వంక కాసేపు చూసి, "సరిచేసే బ్లాకేది మేడం?" అన్నాడు.

"లేదండీ."

"చెయ్యటం కుదర్లేదా? ముందే చెప్పాల్సింది."

"కుదురుతుంది. నేను చెయ్యను."

గదిలో అందరూ ఫోన్లలోంచి తలెత్తారు. సౌండ్ ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. లీడరు కొత్త బ్లాకు మీద వేలు పెట్టాడు. "మరి పిల్లలు ఈ గడి ఖాళీగా వదిలేస్తే ఏమవుతుంది?"

"ఏమీ అవదు," అంది ఆమె. "పాట వినిపిస్తుంది."