డీజిల్ మూత

"నువ్వు కూసుంటెనే ఆగుతది."

పరమేశ్ ఈ మాట కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే జమున కూడా తిరిగి ఒకటి అనేది. సాసర్లో పోసుకున్న చాయ్ ఊదుకుంటూ, ఈ రోజు ఎండ బాగా ఉంది అన్నంత మామూలుగా అన్నాడు. అప్పుడామె పికప్ ముందద్దం తుడుస్తోంది. బండి ఆయనది, అద్దం తుడవడం ఆమెది. సీటు మీద రాలిన గుట్కా పొడి దులపడం ఆమెది, రేడియేటర్లో నీళ్ళు చూసి పోయడం ఆమెది, చిందీ మూటలు మొత్తం ఆమెవే. ఎవరైనా అడిగితే మాత్రం "మా ఆమె ఇంట్లనే ఉంటది, ఏం పని జెయ్యది" అంటాడు. అబద్ధం చెబుతున్నానని కూడా అనుకోడు పాపం, నిజంగానే అట్లా అనుకుంటాడు.

చిందీ అంటే బట్ట నేసే సాంచాల దగ్గర మిగిలే గుడ్డముక్కలు. సూరత్‌లోని ఉధ్నాలో ఏ గల్లీలోకి వెళ్ళినా సాంచాల చప్పుడే, ప్రతి కార్ఖానా మూలనా చిందీ కుప్పే. పరమేశ్ వారమంతా ఆ కార్ఖానాల నుంచి బట్ట తాన్లు ఎక్కించుకుని పాండేసర రంగుల మిల్లులకు తోలుతాడు. బేస్తవారం మాత్రం చిందీ మూటలతో హజీరా వైపు ఫ్యాక్టరీలకు పోతాడు. అక్కడ మెషిన్లు తుడుచుకోవడానికి కొంటారు. నూనె పీల్చే నూలు ముక్క ఒక మూట, పీల్చని పాలిస్టర్ ముక్క ఇంకో మూట. వారమంతా కూర్చుని వాటిని వేరుచేసేది జమున. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపి అడిగితే ఏ మూటలో ఏముందో చెప్పగలిగేదీ ఆమె ఒక్కతే. అందుకని ప్రతి బేస్తవారం ఆమె కూడా బండెక్కాలి. ఆరేళ్ళుగా ఎక్కుతోంది.

దసరా దాటాక బండి ఆగడం మొదలైంది. బాగానే నడుస్తూ నడుస్తూ, రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టి, నడిరోడ్డు మీద చల్లబడుతుంది. పావుగంట పక్కకు నెట్టి నిలబెడితే ఏమీ జరగనట్టు మళ్ళీ స్టార్ట్ అవుతుంది. పాండేసర దారిలో ఒక్కనాడూ ఆగలేదు. ఆగితే హజీరా దారిలోనే, జమున పక్కన కూర్చున్నప్పుడే. మొదటి రెండుసార్లు ఇంట్లో అందరూ నవ్వుకున్నారు. నాలుగోసారికి అత్త చిన్నవ్వ నవ్వలేదు.

"పద్నాలుగేండ్ల బండి. ఎన్నడన్న గిట్ల జేసిందా? కొందరు కాలుపెడితె ఇనుముగూడ మొరాయిస్తది" అంది, జమున ముందరే, జమున చేసిన పప్పుచారు పోసుకుంటూ.

ఉధ్నా స్టేషన్ వెనక సోమలింగం గ్యారేజీ ఉంది. కరీంనగర్ దిక్కు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నవాడు, పని తెలిసినవాడు. డీజిల్ ఫిల్టర్ మార్చాడు. బ్యాటరీ తీగలు గీకి బిగించాడు. పైపుల్లో గాలి తీశాడు. గ్యారేజీలో ఇంజను వేసి పెడితే అరగంటైనా చెక్కుచెదరదు. "ఈడికొస్తె బుద్ధిమంతునోలె ఉంటది అన్నా. సతాయించేటప్పుడు దొరకబట్టాలె రోగాన్ని" అన్నాడు. తరువాత అడగవలసినవే అడిగాడు. వేడి మీద ఆగుతదా, చల్లగున్నప్పుడా. లోడు ఉంటేనా, ఖాళీగనా. ఎక్కినంక ఎంతసేపటికి.

"మా ఆమె ఎక్కినంక" అన్నాడు పరమేశ్.

గ్యారేజీలో ఉన్న నలుగురూ నవ్వారు. సోమలింగం కూడా నవ్వాడు, కానీ బండి పక్కనే నిలబడి ఉన్న జమున వైపు చూసి మధ్యలో ఆపేశాడు.

ఆమె దగ్గర అన్ని జవాబులూ ఉన్నాయి. అప్పటికి తొమ్మిదిసార్లు ఆగింది. ఏడుసార్లు లోడుతో, రెండుసార్లు ఖాళీగా. పొద్దున చలిలో ఆగింది, మిట్టమధ్యాహ్నమూ ఆగింది. ఎప్పుడు ఆగినా, ఎక్కడా ఇంజను ఆపకుండా ముప్పావుగంట నడిచిన తరువాతే ఆగింది. "ముప్పావుగంట..." అని ఆమె నోరు తెరిచింది.

"నువ్వు జర ఆగు. పెద్దోళ్ళం మాట్లాడుతున్నం గద" అన్నాడు పరమేశ్.

జమునకు ముప్పై ఆరేళ్ళు. పెద్దవాళ్ళలో తాను లేనని ఆమెకు గ్యారేజీలో తెలిసింది.

పెళ్ళికి ముందు ఆమె తండ్రి రాజనర్సు దగ్గర సాంచకు దారం కండెలు చుట్టేది. సాంచ ఊరికే ఆగుతుంటే ఆయన తిట్టేవాడు కాదు, తన్నేవాడు కాదు. బీడీ ఆర్పి దాని ముందు కూర్చునేవాడు. "ఆగినప్పుడల్లా ఏది ఒక్కతీరుగున్నదో జూడు బిడ్డా. దాని కాడ్నే ఉంటది" అనేవాడు. జమున అట్లాగే చూసింది. ఎట్లా చూసినా, ఆగినప్పుడల్లా ఒక్కతీరుగా ఉన్నది తానే. దాంతో కొన్నాళ్ళు ఆమె కూడా నమ్మేసింది. బండిలో కాళ్ళు దగ్గరకు ముడుచుకుని, తలుపుకు ఒత్తుకుని, హజీరా దారిలో ఉన్న వంతెన దాటేదాకా ఊపిరి బిగబట్టి కూర్చునేది. పదహారేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరికీ అడ్డం రాకుండా ఉండడం నేర్చుకుంది కదా, ఇంజనుకు అడ్డం రాకుండా ఎట్లా ఉండాలో కూడా నేర్చుకుంది. బాధ అనిపించేది కాదు. కండెలు చుట్టి చుట్టి వేలికొసలు మొద్దుబారితే దారం కోసుకున్నా తెలియదు. లోపల కూడా అట్లాగే అయిపోయింది.

మరిది సురేశ్ పెళ్ళి పనులు మొదలయ్యాయి. అప్పాలు కాల్చడానికి పదిహేను కిలోల నూనె డబ్బా తెచ్చి వంటింట్లో దించారు. జమున మేకుతో మూల మీద ఒక తూటు పొడిచి, గిన్నెలోకి వంచింది. సన్నగా ధార వచ్చింది, గుటకలు గుటకలుగా పడింది, ఆగిపోయింది. ఇది ప్రతి ఆడదానికీ తెలిసిందే. ఎదురుమూలన ఇంకో తూటు పొడిస్తే గాలి లోపలికి పోతుంది, నూనె బయటికి వస్తుంది. ఆమె రెండో తూటు పొడవడానికి మేకు పెట్టి, అట్లాగే ఆగిపోయింది. బండి ట్యాంకులోంచి డీజిల్ బయటికి పోతోంది సరే, గాలి ఎక్కణ్ణుంచి లోపలికి వస్తోంది?

ఐదోసారి ఆగినప్పటి సంగతి గుర్తొచ్చింది. డీజిల్ అయిపోయిందేమోనని పరమేశ్ ట్యాంకు మూత తిప్పాడు. సుయ్‌మని లోపలికి పీల్చుకున్న చప్పుడు వచ్చింది. వెంటనే బండి స్టార్టయింది. ఆ రోజు పావుగంట ఆగనక్కరలేకపోయింది. పాండేసరకు పోయేది పావుగంట దూరమే, అక్కడ తాన్లు దించినంతసేపూ ఇంజను ఆపే ఉంటుంది. ఆ సందులో ఎక్కణ్ణుంచో కొంత గాలి చేరుకుంటుంది. హజీరా దూరం. అంతే. ఇందులో జమున కూర్చోవడానికీ కూర్చోకపోవడానికీ ఏ సంబంధమూ లేదు.

గిన్నె పక్కన పెట్టి గల్లీలోకి వెళ్ళింది. ట్యాంకు మూత పసుపుతో జాతర మేకపిల్ల నుదురులా ఉంది. దసరాకు సురేశ్ సంబంధం ఖాయమైనప్పటి నుంచి, పెళ్ళి ఏ ఆటంకమూ లేకుండా జరగాలని, చిన్నవ్వ శుక్రవారం శుక్రవారం నూనెలో పసుపు కలిపి స్టీరింగుకు, చక్రాలకు, ఈ మూతకు మెత్తుతోంది. "బండి అన్నం తినేది గీ నోటితోనే" అని మూతకు ఇంకాస్త దిట్టంగా పెట్టి, పైన కుంకుమ అద్దేది. జమున పుస్తెల తాడుకున్న పిన్నీసు తీసి గీకింది. పెచ్చు ఊడింది. కింద నువ్వుగింజంత తూటు, నిండా గట్టిపడిన పసుపు. పిన్నీసుతో పొడిచి, నోటితో ఊదింది.

ఆ బేస్తవారం బండి ఆగలేదు. మరుసటి శుక్రవారం చిన్నవ్వ మళ్ళీ మెత్తింది. బుధవారం సాయంత్రం జమున మళ్ళీ పొడిచింది. అట్లా నాలుగు వారాలు ఆగకుండా నడిచింది. పరమేశ్ ఈల వేసుకుంటూ తోలాడు.

"నా శుక్రారం బొట్టు పని జేసింది" అంది చిన్నవ్వ.

జమున ఊరుకోలేదు. "అత్తా, ఆ మూతకు గాలి తూటు ఉంటది. పసుపు దాంట్ల వోయి మూసుకపోతున్నది. నేనే తీస్తున్న" అని చెప్పింది, నెమ్మదిగానే.

"పసుపుకు వంక పెడుతున్నవా? పెండ్లిల్లు ఇది" అంది చిన్నవ్వ. పరమేశ్ ఫోన్లోంచి తల ఎత్తలేదు. "ఇంజను సంగతి నీకెందుకే" అన్నాడు.

తనకు కోపం వస్తుందేమోనని జమున కాసేపు నిలబడి చూసింది. రాలేదు. వెళ్ళి బియ్యం కడిగింది.

పెళ్ళికి ముందురోజు మేళంతో కుమ్మరి ఇంటికి వెళ్ళి, సున్నంతో, ఎర్రటి జాజుమన్నుతో బొమ్మలు గీసిన ఐరేని కుండలు తేవాలి. ఇంటి పెద్దకోడలు మొదటి కుండ నెత్తిన పెట్టుకోవాలి. సూరత్ తెలుగువాళ్ళకు ఆ కుండలు చేసిచ్చే గుజరాతీ కుమ్మరి ఓల్పాడ్ దారిలో ఉంటాడు. ఆ ఇంట్లో జమున పెళ్ళి తరువాత జరుగుతున్న మొదటి పెళ్ళి ఇది. పదహారేళ్ళలో ఆ ఇంట్లో ఆమెకంటూ ఉన్న ఒకే ఒక్క ముచ్చట ఆ కుండ. దానికోసం ఆకుపచ్చ చీర ఇస్త్రీ చేయించి పెట్టుకుంది. ఇది ఎవరికీ చెప్పలేదు.

చుట్టాలందరూ కూర్చుని ఉండగా చిన్నవ్వ తేల్చేసింది. "ఇప్పుడిప్పుడే బండి మంచిగ నడుస్తున్నది. కుండలతోటి నడిరోడ్డు మీద ఆగితే శకునం పాడైతది. మా అన్న కోడలు లత మోస్తది. జమునా, నువ్వు ఇంట్ల వంట జూస్కో. నలభై మంది ఉన్నరు."

లత తల వంచుకుంది. పరమేశ్ గోడకున్న గడియారం చూశాడు. జమున "సరే అత్తా" అంది. ఆకుపచ్చ చీర మళ్ళీ పెట్టెలో పెట్టింది.

మరునాడు శుక్రవారం, కుండలు తెచ్చే రోజు. చిన్నవ్వ పొద్దున్నే లేచి, పెళ్ళి బండి కదా అని, ఎప్పటికన్నా రెండింతలు మెత్తింది. తరువాత జమున ముందద్దం తుడవడానికి వచ్చింది. మూత మీద వేలు పెట్టి చూస్తే పసుపు ఇంకా పచ్చిగానే ఉంది. ఒక్క పోటు చాలు. పిన్నీసు తీసి చేతిలో పట్టుకుంది. సురేశ్ మంచివాడే, వాడి పెళ్ళికి చెడు జరగాలని ఆమెకు లేదు. కుండలు పగలవు, ఎవరికీ దెబ్బ తగలదు. పావుగంట ఆగుతుంది, అంతే. ఆమె లేకుండా ఆగుతుంది. పిన్నీసును మళ్ళీ పుస్తెల తాడుకే తగిలించుకుని, అద్దం శుభ్రంగా తుడిచి, లోపలికి వెళ్ళి ఎసరు పెట్టింది.

పదకొండున్నరకు ఆమె అన్నం వారుస్తుండగా ఫోన్ మోగింది.

"బండి ఆగింది" అన్నాడు పరమేశ్. వెనక డప్పుల చప్పుడు లేదు.

"ఏడ?"

"తిరిగొస్తుంటె, వంతెన ఎక్కేకాడ. కుమ్మరింటి ముందట గూడ ఇంజను బంద్ చెయ్యలే, మల్ల ఎత్తుకోదేమోనని. బయలెల్లిన సంది నడుస్తనే ఉన్నది. అయినా ఆగింది." వెనక హారన్లు మోగుతున్నాయి. "ఇప్పుడేం జెయ్యాలె?"

అన్నం అయిందా, అంగీ ఎక్కడ పెట్టినవ్ లాంటివి పక్కన పెడితే, పదహారేళ్ళలో ఆయన ఆమెను అడిగిన మొదటి ప్రశ్న ఇదే. జమున గంజి గిన్నె కింద పెట్టింది.

"బండిల ఎవరెవరున్నరు?"

"గదెందుకిప్పుడు?"

"జెప్పు."

"నేను, అవ్వ, లత. ఎనక మేళమోళ్ళు, సుట్టాలు."

"నేనున్ననా?"

ఆమె ఫోన్ పెట్టేయలేదు. పొయ్యి కట్టేసి నిలబడింది.

"లేవు" అన్నాడు చివరికి.

"నాకు గాదు, అవ్వకు జెప్పు. అందరికి వినవడేటట్టు."

"జమునా..."

"జెప్పినంక బండి ఎట్ల నడుస్తదో జెప్త."

ఫోన్ నోటికి దూరం జరిగినట్టు తెలిసింది. "జమున లేదు బండిల" అన్నాడు. ఎవరో ఏందని అడిగారు. ఈసారి గట్టిగా అన్నాడు. "జమున లేదంటున్న అవ్వా, జమున లేకున్నా ఆగింది."

"ఇగ డీజిల్ మూత తియ్యి" అంది జమున.

సుయ్‌మన్న చప్పుడు ఫోన్లో కూడా వినిపించింది. ఇంజను అందుకుంది. ఎవరో డప్పు మీద దెబ్బ వేశారు.

"పసుపు గీకి, తూటు సాఫ్ జేసి పెట్టు. బేస్తవారం నీకే అక్కరకొస్తది. నేను హజీరాకు రాను."

"మరి గేటు కాడ మూటల సంగతి ఎవరు జెప్తరు?" అన్నాడు పరమేశ్. అది రెండో ప్రశ్న.

జమున ఫోన్ నూనె డబ్బా మీద పెట్టి, నలభై మందికి వండిన అన్నంలోంచి మొదటి పళ్ళెం తనకే పెట్టుకుని, నడింట్లో కూర్చుంది. ముద్ద వేడికి వేలికొసలు చురుక్కుమన్నాయి. ఆమె ముద్ద వదలకుండా ఊదుకుని తింది.