పెట్రోలు తాగేదెవరు?

అక్కా తమ్ముడూ కలిసి ఆ పాత కారు కొన్నప్పుడు పెట్టుకున్న షరతు ఒక్కటే. ట్యాంకు వంతులవారీగా నింపాలి. ఒకసారి ఆమె నింపితే, అది అయిపోయాక అతను. పగలు కారు అక్కది. ఆమె ఫిజియోథెరపిస్టు, మంచం దిగలేనివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, బిగుసుకుపోయిన మోకాళ్ళనూ భుజాలనూ కదిలించి వస్తుంది. సాయంత్రాలు తమ్ముడివి. అతను ఫంక్షన్లలో కీబోర్డు వాయిస్తాడు. కింది వాటాలో అక్కా బావా ఉంటారు, మేడమీద గదిలో అతను. కారు తాళంచెవి మెట్ల పక్కన మేకుకి వేలాడుతూ ఉంటుంది.

ఈ ఏర్పాటు చాలాకాలం ఏ పేచీ లేకుండా నడిచింది. తర్వాత వంతులు తొందరతొందరగా రావడం మొదలైంది.

"నిన్నగాక మొన్న నింపాను కదరా!" అంది అక్క ఒక ఉదయం, పెట్రోలు ముల్లు అడుగుకి ఆనుకుని ఉండడం చూసి.

"నేనూ పోయినసారి అలాగే అనుకున్నానక్కా. నేను నింపిందంతా నీ చేతిలో ఆవిరైపోయింది."

"నా చేతిలోనా? నేను తిరిగేది ఈ నాలుగు వీధులేగా!"

"నేను మాత్రం దేశాలు పట్టుకు తిరుగుతున్నానా?"

బావకి కారు నడపడం రాదు. అందుకే కార్ల గురించి ఆయనకి తెలియనిదంటూ లేదు. ఫోనులో చూస్తున్న వీడియో ఆపి కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు. "బరువు మోస్తే ఏ బండైనా తాగుతుంది. డిక్కీలో ఆ స్పీకర్లు కాపురం పెట్టాయి. పైన ఆ క్యారియర్ ఒకటి, గాలికి అడ్డంగా. ముందు అవి పీకండి."

తమ్ముడు మూలుగుతూ స్పీకర్లు మేడమీదికి మోశాడు. అక్క, రోగులకి వ్యాయామాలు చేయించే మడత మంచం కట్టుకునే క్యారియర్ విప్పి, ఆ మంచాన్ని వెనక సీటులోకి అడ్డంగా కుక్కింది. మలుపు తిరిగినప్పుడల్లా అది ఆమె తలకి తగిలేది. టైర్లలో గాలి కూడా నింపించారు. ట్యాంకు మాత్రం ఎప్పటిలాగే చిల్లుకుండలా ఖాళీ అయింది. నిజంగానే చిల్లేమోనని కారు కింద అట్టముక్క పరిచి చూశారు. చుక్క కూడా పడలేదు.

ఇక మెకానిక్ దగ్గరికి వెళ్ళక తప్పలేదు. అతని షెడ్డు ఒక వెల్డింగు దుకాణానికీ టైర్ల కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. లోపల మాట వినపడాలంటే అరవాలి. అతను బానెట్ ఎత్తి, గాలి ఫిల్టరు బయటికి లాగి వెలుతురుకి పట్టాడు.

"ఇదిగో మేడమ్, మసిగుడ్డలా ఉంది. ఊపిరాడక తాగేస్తోంది."

ఫిల్టరు మార్చాడు. లాభం లేదు. రెండోసారి వెళ్తే ప్లగ్గులు అన్నాడు. మార్చాడు. మూడోసారి సెన్సార్ అన్నాడు. దాని కోసం కారు అక్కడే ఉంచేయాల్సి వచ్చింది; ఆమె మడత మంచం భుజాన వేసుకుని బస్సుల్లో తిరిగింది. సెన్సార్ కూడా మారింది, తాగుడు మాత్రం మానలేదు.

"ఇంకేం మారుస్తారు?" అని అడిగింది, పళ్ళబిగువున కోపం ఆపుకుంటూ.

మెకానిక్ చేతులు తుడుచుకుంటూ నసిగాడు. "ఏమనుకోకండి మేడమ్. ఆడవాళ్ళు కొంతమంది క్లచ్ మీద కాలు తీయకుండా నడుపుతారు. అలాగైతే ఏ బండైనా..."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. "నా కాలు ఎక్కడుంటుందో నాకు తెలుసు. రోజంతా నేను చూసేది కాళ్ళే," అని తాళంచెవి లాక్కుని వచ్చేసింది.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే బావ ఆలోచనలో పడ్డట్టు గడ్డం గోక్కున్నాడు. "ఒకవేళ నిజంగానే..."

"ఏవండీ, మీరు ఇంకొక్క మాట అన్నారంటే ఈ పూట వంట మీదే."

ఆయన మళ్ళీ వీడియోలోకి వెళ్ళిపోయాడు.

తన కాలిది తప్పు కాదు. మెకానిక్ అన్నీ మార్చేశాడు. ఇక మిగిలిందెవరు? ఆమె మనసు మేడమెట్లు ఎక్కింది. వాడు కార్యక్రమం అయ్యాక తన బృందంలోని వాళ్ళనందరినీ ఇళ్ళ దగ్గర దింపుతున్నాడేమో. ఎవరికైనా ఇస్తున్నాడేమో. ఏసీ వేసుకుని కారులో కునుకు తీస్తున్నాడేమో. అడిగితే లేదంటాడు. ఆ సాయంత్రం ఆమె గోళ్ళరంగు సీసా తీసుకెళ్ళి, పెట్రోలు ముల్లు ఎక్కడుందో సరిగ్గా అక్కడ, అద్దం మీద చిన్న ఎర్రచుక్క పెట్టింది.

తెల్లవారి చూస్తే ముల్లు చుక్కకి బాగా కిందికి దిగి ఉంది. తాళంచెవి మేకుకే ఉంది. తమ్ముడు మెట్ల మీద కూర్చుని బూట్ల తాడు కట్టుకుంటున్నాడు.

"చుక్క చూశానక్కా," అన్నాడు తలెత్తకుండా.

ఆమె నీళ్ళు నమిలింది. "అది... ఊరికే, ఎంత అవుతోందో తెలుస్తుందని..."

"నేను దొంగనని తెలుస్తుందని. నోటితో అడిగి ఉంటే బాగుండేది. ఇవాళ్టి నుంచి కారు నువ్వే వాడుకో."

అన్నంత పనీ చేశాడు. సాయంత్రమైతే కీబోర్డు పెట్టెని చంటిపిల్లలా గుండెకి హత్తుకుని బస్టాపుకి నడిచేవాడు. కింద భోజనానికి రావడం మానేశాడు. బావ పిలిస్తే, "ఆకలి లేదు బావా," అనేవాడు. మేడమీద నుంచి మాత్రం రొట్టె కాలుస్తున్న వాసన వచ్చేది.

అక్క బింకం పోలేదు. చూద్దాం, ఇప్పుడు ట్యాంకు ఎన్నాళ్ళొస్తుందో, అనుకుంది. నిండుగా నింపింది. తన రోగుల ఇళ్ళకి తప్ప ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. కూరగాయలకి కూడా నడిచే వెళ్ళింది. ఆ నాలుగు వీధుల తిరుగుడుకే ముల్లు ఎప్పటిలా జోరుగా దిగింది. వాడు వాడకపోయినా సరే. అది సగం దాటిన రోజు ఆమె ఒక రోగి ఇంటి ముందు స్టీరింగు మీద తల ఆనించి కూర్చుండిపోయింది. కారు మీద కోపం, మెకానిక్ మీద కోపం, వాటన్నిటికంటే ఎక్కువగా తన మీద తనకే చిరాకు. తమ్ముణ్ణి అనకూడని మాట అనలేదు నిజమే. కానీ ఆ చుక్క మాటకంటే ఘోరంగా ఉంది. ఇంటికెళ్ళగానే గోళ్ళరంగు తీసే మందు అద్దిన దూదితో దాన్ని తుడిచేసింది. అద్దం మీద మచ్చ పోయింది కానీ మేడ ఎక్కడానికి ఇంకా కొన్ని రోజులు పట్టింది.

ఎక్కాక కూడా క్షమించమనే మాట నోటికి రాలేదు.

"నువ్వు లేకుండా కూడా అంతే తాగుతోందిరా," అంది గుమ్మంలో నిలబడి.

తమ్ముడు కీబోర్డు మీది దుమ్ము తుడుస్తూనే ఉన్నాడు. "తెలిసిందా?"

"తెలిసింది. నాదే తప్పు. కోపముంటే తర్వాత తిట్టు. ఇప్పుడు నాతో రా. నువ్వు నడుపు, నేను చూస్తాను. తర్వాత నేను నడుపుతాను, నువ్వు చూడు. ఎక్కడ పోతోందో ఇద్దరం కలిసి పట్టుకుందాం. నాకు తల ప్రాణం తోకకొస్తోంది."

అతను దుమ్ము గుడ్డ పక్కన పడేశాడు. తర్వాత చొక్కా తొడుక్కున్నాడు.

ఇద్దరూ ఒకే కారులో పక్కపక్కన కూర్చుని ఎన్నాళ్ళయిందో. వీధి మలుపు తిరక్కముందే గొడవ మొదలైంది.

"గేరు మార్చవేం? అది మొత్తుకుంటోంది."

"నడిపేది నేను."

"ఎదర ఎర్రలైటు కనపడుతుంటే ఆ తొక్కుడేంట్రా? ఇక్కడే పోతోంది పెట్రోలు!"

"నువ్వు నడిపేటప్పుడు నేను నోరు మూసుకుంటానా? చూస్తావుగా!"

ఆమె వంతు వచ్చినప్పుడు అతను నిజంగానే నోరు మూసుకోలేదు. సీటు మరీ ముందుకుందన్నాడు, కిటికీ దించితే గాలి లాగేస్తుందన్నాడు, అద్దంలో వెనక వాళ్ళని చూడవేమన్నాడు. మళ్ళీ సీట్లు మారారు. నది మీది వంతెన ఎక్కేచోట బళ్ళన్నీ ఆగిపోయి ఉన్నాయి. ముందు ఒక లారీ చెడిపోయిందట. తమ్ముడు విసుగ్గా గేరు న్యూట్రల్లో పెట్టి, రెండు చేతులూ తల వెనక పెట్టుకుని వెనక్కి వాలాడు.

అక్క అతని కాళ్ళ వంక చూసింది. రెండు కాళ్ళూ ముడుచుకుని సీటు దగ్గరికి లాక్కుని ఉన్నాడు.

"ఒరేయ్, బ్రేకు మీద కాలు లేదు."

"అయితే?"

"ఎత్తు మీద ఉన్నాంరా. కారు వెనక్కి జారాలి కదా!"

తమ్ముడు గబుక్కున నిటారుగా కూర్చున్నాడు. హ్యాండ్ బ్రేకు వైపు చూశాడు. పూర్తిగా దించే ఉంది. ఇంటి దగ్గర ఈ సంగతి ఎప్పుడూ బయటపడలేదు. వాకిలి గేటు వైపు వాలుగా ఉంటుందని ఇద్దరూ హ్యాండ్ బ్రేకుని ఊడొచ్చేలా లాగి, గేరు కూడా వేసి దిగుతారు.

లారీ కదిలి దారి తెరుచుకోగానే వంతెన దాటి పక్కకి ఆపారు. ఆమె దిగి, వాచిన మోకాలు చూసినట్టే అరచేతి వెనకభాగం ఒక్కో చక్రానికి దగ్గరగా పెట్టి చూసింది. ముందువి రెండూ గోరువెచ్చగా ఉన్నాయి. వెనక ఎడమది చల్లగా ఉంది. వెనక కుడిదాని దగ్గర చెయ్యి పెట్టీ పెట్టగానే "అబ్బా!" అని లాగేసుకుంది. పెనం దగ్గర పెట్టినట్టుంది. ఇనుము కాలిన వాసన కూడా వస్తోంది.

"బ్రేకు పట్టేసింది. వదలడం లేదు. ఇన్నాళ్ళూ ఒక కాలు ఈడ్చుకుంటూ నడుస్తోందిరా ఇది!"

తమ్ముడు కూడా వంగి చెయ్యి కాల్చుకున్నాడు. చల్లారేదాకా అక్కడే కంకర మీద కూర్చున్నారు. ఇంత చిన్న విషయానికి ఇన్ని రోజులు గింజుకున్నామా అని ఇద్దరికీ నవ్వు రావాలి. రాలేదు. అతను రాళ్ళు ఏరి ఒక్కొక్కటే దూరంగా విసురుతూ కూర్చున్నాడు.

"చుక్క పెట్టకుండా అడిగి ఉంటే, నేనూ ఆ రోజే నీతో వచ్చి ఉండేవాణ్ణి," అన్నాడు చివరికి.

"తెలుసు."

"నిజానికి వచ్చేవాణ్ణి కాదేమోలే. నేనూ నిన్నే అనుమానించాను."

మెకానిక్ ఆ చక్రం విప్పేసరికి లోపలి బ్రేకు పలకలు నల్లగా మాడి, ఒకవైపు అట్టముక్కలా అరిగిపోయి ఉన్నాయి. హ్యాండ్ బ్రేకు తీగ తుప్పు పట్టి, లాగితే వస్తోంది కానీ వెనక్కి పోవడం లేదు.

"మరి ఇన్నిసార్లు తెచ్చాను, ఇది చూడలేదేం?" అంది అక్క.

"మీరు పెట్రోలు అన్నారు మేడమ్. పెట్రోలంటే ఇంజనేగా! చక్రాల గురించి మీరు చెప్పనేలేదు."

ఆమె ఏదో అనబోయింది. తమ్ముడు మోచేతితో పొడిచాడు. ఆ పూటకి పలకలు మార్చి, తుప్పు తీగని విప్పేశాడు మెకానిక్. కొత్త తీగ తెప్పించేదాకా హ్యాండ్ బ్రేకు లేదని, ఆపినప్పుడు గేరులో ఉంచి చక్రం వెనక ఇటుక పెట్టుకోమని ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

పెట్రోలు మాత్రం నిలిచింది. ముల్లు కదలాలా వద్దా అన్నట్టు నెమ్మదిగా దిగుతోంది. తమ్ముడు మళ్ళీ కింద భోజనానికి కూర్చుంటున్నాడు, మాటలు ఇంకా పొడిపొడిగానే ఉన్నా. బావ మాత్రం బ్రేకుల వీడియోలు చూడడం మొదలుపెట్టాడు.

కొత్త తీగ ఇంకా రాలేదు. ఒక మధ్యాహ్నం అక్క ఫోనులో ఎవరి భుజం నొప్పి గురించో మాట్లాడుతూనే కారు వాకిట్లో ఆపి, మడత మంచం లాక్కుని లోపలికి వచ్చింది. చెప్పులు విడుస్తుండగా బయట ధన్ మని చప్పుడైంది. మేడమీద నుంచి తమ్ముడు, వంటగదిలోంచి బావ, గుమ్మంలోంచి ఆమె, ముగ్గురూ ఒక్కసారే బయటికి పరుగెత్తారు. కారు వాలు వెంబడి జారి, వెనక బంపరుతో గేటుని గుద్ది, దాన్ని ఒక మడత బందు మీంచి ఊడదీసి నింపాదిగా నిలబడి ఉంది.

బావ నోరు తెరిచాడు. తమ్ముడు అక్క వైపు చూశాడు.

"నేనే," అంది ఆమె, ఎవరూ అడక్కముందే. "గేరు వేయలేదు, ఇటుకా పెట్టలేదు. నేనే."

తమ్ముడు వెళ్ళి గేటు ఒక చివర పట్టుకున్నాడు. "ఆ పక్క పట్టుకో అక్కా," అన్నాడు. "బావా, నువ్వు ఇటుక తీసుకురా."