జయ డిక్టేషన్‌కు ఇద్దరు కాపలావాళ్లు

కిరండూల్‌లో ఇనుప గనికి వెళ్లేవాడి టిఫిన్ డబ్బా రెండుసార్లు తెరుచుకుంటుంది. కింది గేటు దగ్గర కంపెనీ గార్డు మూత తీసి చూస్తాడు. అతను సరిగ్గా చూశాడన్న నమ్మకం లేక, పై గేటు దగ్గర తుపాకీ జవాను మళ్లీ తీసి చూస్తాడు. ఇందరు చూశాక ఉప్మా చల్లారిపోయినా, భద్రంగా ఉందన్న తృప్తి మాత్రం మిగులుతుంది. అక్కడే ఉద్యోగం చేస్తూ వచ్చిన చక్రధరరావుకు, ఒక కాపలా కంటే రెండు మేలని ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు.

ఆయన ఇంటి కంప్యూటరులో కాపాడుకోవలసింది ఒక్కటే. భార్య జయ గొంతు.

జయ సాయంత్రాలు ముందుగదిలో, హిందీ మీడియంలో చదివే కంపెనీ టౌన్‌షిప్ పిల్లలకు తెలుగు చెప్పేది. ఒంట్లో బాగోక విశాఖపట్నం ఆసుపత్రికి వెళ్లేముందు, తను లేని రోజుల్లో పిల్లల చదువు ఆగకూడదని మైకు పెట్టుకుని డిక్టేషన్ రికార్డు చేసింది. తిరిగి రాలేదు. పిల్లలు ట్యూషన్ మానేశారు. ఫైలు ఉండిపోయింది. చక్రధరరావు దాన్ని వినేవాడు కాదు. ఉందో లేదో మాత్రం రోజూ చూసుకునేవాడు.

ఆ సంవత్సరం పెన్‌డ్రైవుల మీద టౌన్‌షిప్ అంతా వైరస్ తిరిగింది. ఎవరింటికి సినిమా వెళ్తే వారింటికి అదీ వెళ్లింది. ఎవరో సూపర్‌వైజరు కూతురి పెళ్లి ఫొటోలన్నీ పోయాయని విన్నాక చక్రధరరావుకు అన్నం సహించలేదు. పక్క క్వార్టరు సన్యాసిరావు ఒక ఆదివారం పొద్దున్నే సీడీ పట్టుకొచ్చాడు. మ్యాగజైనుతో ఉచితంగా వచ్చిన యాంటీవైరస్.

"ఒకటుంది కదయ్యా ఇప్పటికే?" అన్నాడు చక్రధరరావు, మాటవరసకి.

"ఒక్కటేటి సరిపోద్ది రావుగారూ! అది కునుకు తీస్తేనో? ఇది మేలుకుంటాది."

సన్యాసిరావు క్రషింగ్ ప్లాంటులో ఫిట్టరు. ఏ యంత్రమైనా విప్పగలడు. బిగించాక కొన్ని స్క్రూలు మిగిలితే, అవి తయారుచేసినవాళ్లు అనవసరంగా పెట్టినవని తేల్చేస్తాడు.

సీడీ పెట్టారు. కొత్త కాపలావాడు లోపలికి రాగానే మొదట పాతవాడి జేబులు తడిమాడు. పాతవాడు ఊరుకుంటాడా, కొత్తవాడి కాలరు పట్టుకున్నాడు. తెర మూలన ఒక ఎర్ర పెట్టె లేచింది, దాని నెత్తిన ఇంకొకటి. నువ్వు దొంగవంటే నువ్వు దొంగవని. మౌసు కదిపితే బాణం గుర్తు పై అధికారి అనుమతి వచ్చేదాకా కదలడం లేదు. నిజంగా వైరసే వచ్చినా, ఈ తగువులో దానికి కూర్చోవడానికి చోటు దొరికేది కాదు.

పాతవాడిలో తప్పు దొరక్క కొత్తవాడు ఇల్లంతా సోదా చేశాడు. చేసి, జయ డిక్టేషన్‌ను పట్టుకున్నాడు. ఆమె వాడిన రికార్డింగు ప్రోగ్రాము పాఠాలన్నీ ఒకే మూటగా కట్టేది. నొక్కితే ఆ మూట తనంతట తానే విప్పుకుని పలికేది. తనంతట తాను కదిలేదాన్ని ఏ కాపలావాడు నమ్ముతాడు? ఏం చెయ్యమంటారని తెర మీద రెండు మీటలు చూపించాడు.

"డిలీట్ వద్దు," అన్నాడు చక్రధరరావు కంగారుగా.

"ఒద్దు మరి. ఇంకోటేటి... క్వారంటైన్. క్వార్టరేనండీ! ఫైలుకి వేరే క్వార్టరు అలాట్ సేస్తాది. తాళం కూడా ఏస్తాది."

క్వార్టరు అలాట్ అయిందంటే కిరండూల్‌లో ఎవరి మనసైనా కుదుటపడుతుంది. చక్రధరరావు నొక్కాడు. వెంటనే అలవాటు కొద్దీ ఫైలు ఉందో లేదో చూశాడు. లేదు.

తిరిగి ఇమ్మని కొత్తవాణ్ణి అడిగారు. ఇవ్వలేనన్నాడు. వాడి గదిలో అనుమానాస్పదమైన సామానుందని పాతవాడు గదినంతా పట్టుకుని కూర్చున్నాడు మరి. ఇద్దరూ విధి నిర్వహణలోనే ఉన్నారు. లోపం ఎక్కడా లేదు.

"ఇదిగో దొరికింది!" సన్యాసిరావు తెర మీద వేలు పెట్టాడు. "ఎంప్టీ క్వారంటైన్. క్వార్టరు ఖాళీ సేయించడమే కదా. ఖాళీ సేస్తే సామాను వాకిట్లోకి రాదేటండీ?"

రిటైరైనవాళ్ల మంచాలూ బిందెలూ వాకిట్లోకి రావడం టౌన్‌షిప్‌లో అందరూ చూసినదే. కాదనడానికేముంది? చక్రధరరావు నొక్కాడు.

అప్పుడే సన్యాసిరావు భార్య గంగారత్నం టీ తెచ్చింది. జయ దగ్గరికి తన పిల్లల్ని పంపిన మనిషి. తెర మీద వచ్చిన ఇంగ్లీషును చక్రధరరావు పైకి చదివి తెలుగులో చెప్పాడు. "ఫైలును శాశ్వతంగా తొలగించలేకపోయాం. వేరే ప్రోగ్రాము దాన్ని పట్టుకుని ఉంది."

చదివాక ఆయన మౌసును దూరంగా నెట్టేశాడు.

"శాశ్వతంగానా?" గంగారత్నం మొగుడి వైపు తిరిగింది. "సామాను వాకిట్లోకి తేవడమా ఇది? ఇంట్లో పెట్టి నిప్పెట్టడం! లే ఇక్కణ్ణించి. జయక్క గొంతుతోనా నీ ఫిట్టరు పని?"

"నాకేటి తెలుసే..."

"తెలీదని ముందు తెలియాల కదా!"

జయ గొంతు మిగిలింది కాపలా వల్ల కాదు, కాపలావాళ్ల పగ వల్ల. చక్రధరరావుకు ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియలేదు.

"అన్నయ్యగారూ, ఇద్దరత్తలున్న ఇల్లులాగుంది," అంది గంగారత్నం కాస్త శాంతించి. "ఒకావిడని కాసేపు బయటికి పంపండి. రెండో ఆవిడతో నెమ్మదిగా మాట్లాడదురు గాని."

చక్రధరరావు ఈసారి ప్రతి మాటా చదివి, అర్థం తెలిశాకే నొక్కాడు. పాతవాణ్ణి ఆపేశాడు. వాడు వెళ్తూ వెళ్తూ మీ ఇల్లు గాలిలో దీపమన్నాడు. తర్వాత కొత్తవాణ్ణి ఫైలు అడిగాడు. వాడు ఆఖరి పెట్టె తెరిచాడు: ఈ ఫైలు ప్రమాదకరం, తిరిగి తెస్తే బాధ్యత మీదే, అయినా కావాలా?

విశాఖపట్నం ఆసుపత్రిలో ఆయన చేత చాలా కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. ఈ ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. చక్రధరరావు కావాలని నొక్కాడు.

ఫైలు వచ్చింది. వచ్చిందని నమ్మకం కలగాలంటే వినాలి. ఇన్నాళ్లూ చెయ్యని ఆ పని ఇప్పుడు చేశాడు.

"రాయండి," అంది జయ. "కొండచిలువ. కొం... డ... చిలువ. సున్నా మరిచిపోకండి. పక్కవాడి పుస్తకంలోకి చూడొద్దు."

పిల్లలు రాసుకోవడానికి ఆమె ఆగింది. సన్యాసిరావు ఏదో అనబోతే గంగారత్నం మోచేత్తో పొడిచింది. తర్వాతి మాట వచ్చేదాకా ఆ గదిలో ఎవరూ కదల్లేదు.