సౌండు తీసేసిన సీరియల్

జైపాల్‌ది నైట్ షిఫ్టు వారమైతే ఆ ఇంట్లో పగలన్నదే ఉండదు. కిటికీలకు నల్లదుప్పట్లు వేలాడతాయి. కుక్కర్ పెట్టకూడదు, మిక్సీ తిప్పకూడదు, తోమిన గిన్నెలు చప్పుడు కాకుండా పాతచీర మీద బోర్లించాలి. రాత్రంతా బొగ్గుబాయిలో పనిచేసి వచ్చిన మనిషి నిద్రపోతున్నాడు మరి! అతని కంటే ముందు లేచి, అందరి కంటే వెనక పడుకుని, ఈ చప్పుడులేని చాకిరీ అంతా చేసే అతని భార్య జమునకు నిద్ర ఎప్పుడని ఈ గోదావరిఖనిలో ఎవరైనా అడిగారా? ఎవరికి పట్టింది!

ఆమెకున్న వినోదం ఒక్కటే, అదీ రెండు ముక్కలుగా దొరుకుతుంది. సాయంత్రం టీవీలో డిటెక్టివ్ దివాకర్ సీరియల్ వస్తుంది. జైపాల్, అత్త పోశవ్వ ముందు కూర్చుని చూస్తారు, జమున వంటింట్లో రొట్టెలు చేస్తూ వింటుంది. మర్నాడు మధ్యాహ్నం అదే భాగం మళ్ళీ వేస్తారు. అప్పుడు మొగుడు లోపలి గదిలో, అత్త పక్క మంచంలో నిద్రపోతుంటే, సౌండు మొత్తం తీసేసి బొమ్మ చూసుకుంటుంది.

ఆ సోమవారం సీరియల్లో ఓ ఇంటి పనిమనిషి హత్య చేసిందని అనుమానం వచ్చింది. దివాకర్ ఆమెకు నీళ్ళివ్వలేదు, కూర్చోనివ్వలేదు. అడిగిందే అడిగి, చివరికి చెంప పగలగొట్టాడు. నేనే చేశానని ఆమె ఒప్పేసుకుంది.

"గట్లడిగితెనే నిజం కక్కుతరు!" జైపాల్ తొడ చరిచాడు.

"మంచిగైంది దానికి," అంది పోశవ్వ.

జమున పిండి చేతులతో గుమ్మంలోకి వచ్చింది. "ఆమె చెయ్యకపోతే?"

"చెయ్యకపోతే ఎందుకు ఒప్పుకుంటదే?" అన్నాడు జైపాల్.

ఎందుకు ఒప్పుకుంటుందో జమునకు తెలుసు. పెళ్ళైన కొత్తలో జైపాల్ వాచీ కనబడలేదు. ఎక్కడ పెట్టినవ్, ఎక్కడ పెట్టినవ్ అని నిలబెట్టి అడిగాడు. చెయ్యెత్తలేదు, ఆ మాట నిజం. అడగడం ఆపలేదు, అంతే. కాళ్ళు పీకి, కళ్ళు తిరిగి, 'నేనే పారేసిన' అంది. ఆ వాచీ ఏమైందో ఆమెకు ఈనాటికీ తెలియదు. ఆడబిడ్డ మీద చాడీలు చెప్పింది తనేనని ఒప్పుకుంది, అత్త మందుబిళ్ళలు పోగొట్టింది తనేనని ఒప్పుకుంది. ఒప్పుకుంటే అన్నం తినొచ్చు, నడుం వాల్చొచ్చు. ఒప్పుకున్న ప్రతిసారీ జైపాల్ తృప్తిగా, 'సూసినవా, గట్టిగ అడిగితెగాని బయటికి రాలె' అనేవాడు. ఛీ, అతను చేసేది న్యాయమేనని తన అబద్ధాలతో తనే రుజువు చేసి పెట్టింది! ఆ ఆలోచన వచ్చాక ఆ రాత్రి ఆమెకు ముద్ద దిగలేదు.

మర్నాడు సాయంత్రం జైపాల్ నిద్ర లేస్తూనే వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"పగటిపూట ఎవలతోని మాట్లాడుతున్నవ్?"

"నేనా? ఎవలతోని మాట్లాడలె."

"నిద్రల ఇనవడ్తంది. సారూ, సారూ అని బతిమాలుతున్నవ్. ఏ సారు వస్తుండు ఇంటికి?"

తుమ్మొస్తేనే కొంగు అడ్డం పెట్టుకునే మనిషి, మాట్లాడటమా? సాయానికి అత్త వైపు చూసింది.

"నేను గూడ ఇన్న," అంది పోశవ్వ నెమ్మదిగా. "ఏ గాలో ధూళో అనుకున్న. ఒప్పుకో బిడ్డా, ఒప్పుకుంటే ఒడుస్తది."

"రేపటిదాంక సూస్త," అన్నాడు జైపాల్. "ఒప్పుకుంటె ఇంట్ల ఉంటవ్. లేకుంటె మీ అన్నను పిలిపిచ్చి, పదిమందిల అడుగుత."

ఒప్పుకుంటే బతికినంతకాలం చెడిందనే పేరు. ఒప్పుకోకపోతే పంచాయితీ. ఆ రాత్రి జమున కన్ను మూతపడలేదు.

బుధవారం మధ్యాహ్నం తలుపు గడియ రెండుసార్లు చూసుకుని టీవీ ముందు కూర్చుంది. సోమవారం మొదలైన విచారణే, ఆమె ఒప్పుకున్నా ఇంకా నడుస్తోంది. దివాకర్ మళ్ళీ చెయ్యెత్తాడు. ఎందుకు కొడుతున్నాడో చెప్పే మాటలు లేవు. న్యాయం, చనిపోయినవాళ్ళ ఉసురు, ఏదీ వినబడదు. ఓ బలమైన మగవాడు, గోడకు నక్కిన ఓ ఆడది, అంతే మిగిలింది. ఆమె పెదవులు 'నేనే చేశాను' అంటున్నాయి.

"నేను చెయ్యలె సారూ."

గదిలో ఎవరో అన్నారు. సన్నటి ఆడగొంతు. జమున చుట్టూ చూసింది. టీవీ సౌండు సున్నాలో ఉంది, అత్త గోడవైపు తిరిగి నిద్రపోతోంది. అప్పుడే ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు సైరన్ మోగింది, పేలుడుకు నేల అదిరింది, బోర్లించిన గిన్నెలు గలగలమన్నాయి, కరెంటు పోయింది. టీవీ నల్లబడింది. గొంతు మాత్రం ఆగలేదు.

"సంపినా ఒప్పుకోను. నేను చెయ్యలె."

దుప్పటి సందులోంచి పడ్డ వెలుగులో, టీవీ నల్లటి అద్దంలో ఓ ఆడమనిషి పెదవులు కదులుతున్నాయి. జమున చెయ్యి పైకి తెచ్చి తన నోరు మూసుకుంది. గొంతు ఆగిపోయింది. అరచేతికి వెచ్చగా ఊపిరి తగిలింది.

సాయంత్రం జైపాల్ ఆమెను ఎదురుగా నిలబెట్టాడు. పోశవ్వ గుమ్మంలో కూర్చుంది.

"చెప్పు. ఎవలు?"

"నేనే."

"సూసినవా అవ్వా, ఎట్ల ఒప్పుకున్నదో..." జైపాల్ తల్లి వైపు తిరిగాడు.

"నేనే మాట్లాడిన. టీవీల ఆమె తరఫున నాకు తెల్వకుండనే మాట్లాడుతున్న. ఆమె చెయ్యలె. నేను గూడ చెయ్యలె. నీ వాచీ నేను పారెయ్యలె, మీ చెల్లె మీద చాడీలు చెప్పలె, అత్త గోలీలు పోగొట్టలె. ఒక్కటి గూడ నేను చెయ్యలె."

"మరి ఎందుకు ఒప్పుకున్నవ్?" జైపాల్ గొంతు మొదటిసారి తడబడింది.

"నువ్వు అడుగుడు ఆపాలని."

పోశవ్వ కొడుకు మొహం వైపు చూడలేక తల దించుకుంది.

"మా అన్నను పిలువు, పదిమందిని పిలువు. గిదే చెప్త."

"అవ్వా, దీనికి ఏదో గాలి సోకిందే," అన్నాడు జైపాల్, ఒక అడుగు వెనక్కి వేస్తూ.

"సోకనియ్యి," అంది జమున. "రేపు నువ్వు పండుకున్నంక, గట్టిగనే మాట్లాడుత."