కదలని బండి

బడి కుళాయి కింద జిగురు కుంచెలు కడుగుతుంటే మా ఆయన నార్మ్ గొంతు వినిపించింది. “అట్టపెట్టెలు కోయించడం కూడా ఒక చదువేనా వెర్నా?” ఆయన పోయి మూడేళ్ళు. నీళ్ళ చప్పుడులోకి ఇప్పటికీ వస్తాడు. పోర్ట్ పిరీ ఊళ్ళో నలభై ఏళ్ళు ఆయన వడ్రంగి షెడ్డు నేనే ఊడ్చాను, రంపం మాత్రం ముట్టనివ్వలేదు. ఇరుసులూ కప్పీలూ ఎలా పనిచేస్తాయో లైబ్రరీ పుస్తకాల్లో చదువుకున్నాను. ఇప్పుడు ప్రతి గురువారం ఎనిమిదేళ్ళ పిల్లలకు డిజైన్, టెక్నాలజీ నేర్పుతున్నాను.

పొద్దున ఆడపడుచు మెర్ల్ ఫోన్ చేసింది. “మా తమ్ముడు క్లెమ్‌కి తుంటి ఆపరేషన్ అయింది కదా. నాకేమో నడుం నొప్పి. వాడిని చూసుకోవడానికి ఇక రోజూ నువ్వే రావాలి, గురువారాలు కూడా. బడిలో జిగురు పూయడానికి ఇంకెవరూ దొరకరా ఏంటి? నీకు మాత్రం మేం తప్ప ఎవరున్నారు?”

సాయంత్రం చెప్తానన్నాను. ఆ చివరి మాటకే నేనెప్పుడూ లొంగిపోతాను. చిన్నప్పుడు అమ్మ నన్ను వదిలి రైలెక్కి వెళ్ళిపోయిన రోజు నుంచీ, ఎవరైనా కాస్త ముఖం తిప్పుకుంటే చాలు, వాళ్ళూ వెళ్ళిపోతారేమో అనిపిస్తుంది. వాళ్ళు వెళ్ళిపోకుండా ఉండటానికి వండాను, ఉతికాను, నోరు మూసుకున్నాను.

క్లాసులో పిల్లలు తాము చేసిన బండ్లను వాలుపలక మీద నుంచి వదులుతున్నారు. తాలియా బండి మాత్రం కదల్లేదు. చక్రాలను పుల్లకూ, పుల్లను పెట్టెకూ జిగురుతో గట్టిగా అతికించేసింది.

“అది బండి కాదే, ఇల్లు!” అని వెనకనుంచి ఎవరో అరిస్తే అందరూ నవ్వారు.

“ఏదీ ఊడిపోకూడదని అలా చేశాను మిస్,” అంది తాలియా. వాళ్ళ నాన్న ఈస్టర్ సెలవుల్లో ఇల్లు వదిలి వెళ్ళాడని నాకు తెలుసు.

“ఇరుసు తిరగాలంటే కాస్త వదులుండాలమ్మా. పుల్లను పెట్టెకు అతికించకుండా, ఒక స్ట్రా అతికించి అందులో దూర్చు.”

“వదులుగా ఉంటే పడిపోదా?”

పడిపోదని చెప్పబోయాను. అది అబద్ధం. “పడిపోవచ్చు,” అన్నాను. “పడితే ఏరుకుని మళ్ళీ చేద్దాం.”

తాలియా కత్తెర తీసుకుంది. పుల్లను పెట్టె నుంచి విడదీసి స్ట్రాలో దూర్చింది. ఈసారి బండి జారి, దూసుకుపోయి, గోడకు కొట్టుకుంది. ఒక చక్రం ఊడి బెంచీ కిందికి దొర్లింది. దాని వెనక పరుగెత్తుతూ తాలియా పగలబడి నవ్వింది. ఊడిపోయినా అలా నవ్వొచ్చా అని నాకెందుకో భయమేసింది.

చీకటి పడుతుండగా మెర్ల్ మళ్ళీ ఫోన్ చేసింది. “ఏం నిర్ణయించావు?”

“మిగతా రోజులు చూద్దాం. గురువారం నాకు క్లాసుంది మెర్ల్.”

“అంటే అట్టముక్కలు మాకంటే ఎక్కువా? సరే. ఈ రోజుతో నిన్ను వదిలేసుకున్నట్టే అనుకో.”

ఈ మాట ఎవరి నోటా వినకూడదనే జీవితమంతా అందరినీ బతిమాలుకుంటూ బతికాను. విన్నాను. భయం పోలేదు. ఆ భయంతోనే, మొదటిసారి, ఎదుటివాళ్ళకంటే ముందు నేనే ఫోన్ పెట్టేశాను.