ఎర్రసిరాతో ‘సొంతం’

ఉదయభాస్కర్ మాస్టారు మార్కుల దగ్గర పిసినారి కారు గానీ, ఒక్క మాట దగ్గర మాత్రం పరమ లోభి. గైడులోంచి దించకుండా ఎవరైనా సొంత బుర్రలోంచి తీసి రాస్తే, ఆ జవాబు పక్కన ఎర్రసిరాతో ‘సొంతం’ అని రాసేవారు. ఇంగ్లీషు మాస్టారు, ఇంగ్లీషు పేపరు, మాట మాత్రం తెలుగు. టెస్టుకి ఒక్కరికే. ఎవరికీ దక్కని టెస్టులూ ఉండేవి.

అది తొంభై ఏడు. రాజమండ్రిలో ఒక జూనియర్ కాలేజీవాళ్ళు ఇంగ్లీషు బాగా వచ్చిన పన్నెండుమందిని ఏరి అడ్వాన్స్‌డ్ ఇంగ్లీషు క్లాసు పెట్టారు. మాస్టారు కొవ్వూరు నుంచి బ్రిడ్జి దాటి బస్సులో వచ్చి కథలూ కవితలూ చెప్పేవారు. క్లాసులో ఫస్టు సత్యశ్రీ. మెయిన్ రోడ్డులో స్టీలు సామాన్ల కొట్టు వాళ్ళది, కాన్వెంటు చదువు. మూడు గైడులు కొని, మూడూ బట్టీ పట్టి, కామా కూడా పొల్లుపోకుండా దించేది. నూటికి ఎనభై ఎనిమిది తగ్గేవి కావు. ‘సొంతం’ మాత్రం ఒక్కసారీ రాలేదు.

మరి వచ్చింది ఎవరికయ్యా అంటే, రత్నమాణిక్యానికి! కడియం పిల్ల. పొద్దున్నే వాళ్ళ నర్సరీలో మామిడి అంట్లు కట్టి, గోళ్ళలో మట్టితోనే బస్సెక్కేది. టెన్త్ దాకా తెలుగు మీడియం. ఆ పేరు కూడా వాళ్ళ నాయనమ్మదే తెచ్చి తగిలించారు. మొదటి టెస్టులో, కొత్త ఊరికి వచ్చి మాటలు మానేసిన ఒకావిడ మీద కవిత ఇచ్చారు. అందరూ కవిగారికి ఒంటరితనమంటే ఎంత బాధో రాసుకొచ్చారు. రత్నమేమో, మొక్కని కుండీ మారిస్తే వారం రోజులు ఆకు రాలుస్తుంది, అది చావడం కాదు, కింద వేరు పట్టుకుంటోంది, ఈవిడ మౌనమూ అంతే అని రాసింది. నాలుగు లైన్లలో ఏడు తప్పులు. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు. అలా వరసగా మూడు టెస్టుల్లోనూ ‘సొంతం’ కడియం బస్సెక్కి వెళ్ళిపోయింది.

సత్యశ్రీకి కడుపు రగిలిపోయింది. దాచడమెందుకు, అచ్చమైన అసూయ. మార్కులు నీకేగా ఎక్కువ, ఇంకేం కావాలే అని వాళ్ళమ్మ శ్యామలాంబ సముదాయిస్తే పుండు మీద కారం చల్లినట్టుండేది. తప్పుల్లేకుండా రాసే తనకి లేనిదీ, తప్పులతో రాసే దానికి ఉన్నదీ ఏంటో తెలియక తిండి సయించేది కాదు.

అప్పుడు మాస్టారు నాన్‌డిటెయిల్డ్‌గా ఒక ఇంగ్లీషు నవల పెట్టారు. బజార్లో దొరకదు, గైడు లేదు. ఉన్నది మాస్టారి పాత కాపీ ఒక్కటే. కుట్టు వదిలి ఆఖరి రెండు కాగితాలు ఊడిపోయి ఉన్నాయి. రోల్ నంబరు ప్రకారం మనిషికి మూడు రోజులు. కాలేజీలో ఆలస్యంగా చేరింది గనక రత్నానిది ఆఖరి నంబరు, దాని ముందుది సత్యశ్రీది.

నవలలో అక్కాచెల్లెళ్ళు సముద్రం ఒడ్డున రొట్టెల కొట్టు నడుపుతుంటారు. చెల్లెల్ని పెళ్ళాడతానని ఒకతను రాసిన ఉత్తరాన్ని అక్క దాచేస్తుంది. ఇరవై ఏళ్ళు గడిచి, అక్క పోయాక, ఆ ఉత్తరం పిండి డబ్బాలో చెల్లెలికి దొరుకుతుంది. చదివి పొయ్యిలో పడేసి, రొట్టెలు కాల్చుకుంటుంది. ఈ అక్క పోవడం, ఉత్తరం దొరకడం, పడెయ్యడం ఆఖరి రెండు కాగితాల్లో ఉన్నాయి.

సత్యశ్రీ ఆ రెండూ తీసి తన బ్యాగులో పెట్టుకుని, మిగతా పుస్తకం రత్నానికిచ్చింది. ఎక్కడో పడిపోయాయే, వెతుకుతున్నా అంది. టెస్టు ముందురోజు దాకా వెతుకుతూనే ఉంది. ఆరోజు రత్నం వరండాలో పట్టుకుని, పోనీ ఆఖర్న ఏమైందో నోటితో చెప్పమంది. పాపం, అబద్ధానికి సత్యశ్రీ తయారై రాలేదు. నోరు తెరిస్తే దానంతటదే వచ్చేసింది.

"చెల్లెలికి మొదట్నుంచీ తెలుసే. అక్క ఉత్తరం దాస్తుంటే కిటికీలోంచి చూసింది. అడిగితే ఉత్తరం దక్కుతుంది, అక్క దక్కదు. అందుకని ఇరవై ఏళ్ళూ ఊరుకుంది. పోయేముందు అక్క చెప్పబోతే, నోటి మీద చెయ్యి పెట్టి, రొట్టె మాడిపోతోంది, ఉండు వస్తానంటుంది."

రత్నం చున్నీతో కళ్ళు తుడుచుకుంది. సత్యశ్రీ మాత్రం ఇంటిదాకా నవ్వుకుంటూనే వెళ్ళింది.

వారం తరవాత మాస్టారు పేపర్లు తెచ్చి, రత్నం జవాబు పైకి చదివారు. చదివి, ఈ ముగింపు పుస్తకంలో లేదన్నారు. ఇక తిట్లు మొదలని సత్యశ్రీ సర్దుకుని కూర్చుంది.

"ముప్ఫై ఏళ్ళుగా ఈ నవల చెబుతున్నానమ్మా. రాసినాయనకి తట్టనిది నీకు తట్టింది," అని మాస్టారు ఎర్రపెన్ను మూత తీశారు.

రత్నం చటుక్కున సత్యశ్రీ వైపు చూసింది. అర్థమైపోయింది దానికి. అయినా తల దించుకుంది తప్ప పల్లెత్తు మాట అనలేదు.

సత్యశ్రీ సంగతి తేలు కుట్టిన దొంగలా అయింది. పుట్టి బుద్ధెరిగాక ఏ గైడులోనూ లేనిది తన బుర్రలోంచి వచ్చింది అదొక్కటే. అదీ రత్నాన్ని ముంచడానికి వచ్చింది. నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది. కానీ ఆ ‘సొంతం’ మళ్ళీ రత్నం పేపరు మీదకే! పరువు పోతే పోనీ, అది మాత్రం చూడలేననిపించింది. లేచి నిలబడింది.

"అది నాదండి."

మరి నీ పేపర్లో పుస్తకంలో ఉన్నదే రాశావేమ్మా అని మాస్టారు అడిగారు. ఇంకేముంది, ఒకటి చెబితే రెండోది చెప్పాలి. ఊడిన కాగితాలు, చెప్పిన అబద్ధం అన్నీ పన్నెండుమంది ముందూ బయటపడ్డాయి. మాస్టారు కేకలెయ్యలేదు. రత్నం పేపరు మీదే, ఆ పేరా పక్కన, ‘సొంతం – సత్యశ్రీ’ అని రాసి, పేపరు రత్నానికిచ్చేశారు. ఆ ఇవ్వడం తిట్టినదాని కంటే ఎక్కువ తగిలింది.

క్లాసయ్యాక వరండాలో రత్నం ఆ పేరా ఉన్న కాగితాన్ని పేపర్లోంచి జాగ్రత్తగా చింపి సత్యశ్రీ చేతిలో పెట్టింది.

"ఇంద, నీదే కదా. ఆ రెండు కాగితాలు ఇయ్యి, అసలేమైందో చదువుకుంటా."

సత్యశ్రీ బ్యాగులోంచి తీసిచ్చింది.

"ఇవి నీ బ్యాగులో ఉన్నాయని నువ్వు కథ చెప్పినరోజే నాకు తెలుసే, నువ్వు పెన్ను తీస్తుంటే కనపడ్డాయి. ఇవ్వడం ఇష్టం లేదు కాబోలు, పోన్లే, కథయినా చెప్పింది కదా అనుకున్నా. అదీ అబద్ధమని మాత్రం అనుకోలేదు. కోపం రాలేదనుకోకు, వచ్చింది."

అని రత్నం వరండా గట్టు మీద కూర్చుని ఆ రెండు కాగితాలూ మొదట్నుంచి చివరిదాకా చదివింది. ఈలోపు కడియం బస్సు ఒకటి వెళ్ళిపోయింది. చదివి మడత పెడుతూ, "నీదే బాగుంది," అంది.

వట్టినే అనలేదు. ఆలోచించి, నిజంగానే అంది. ఎర్రసిరా కాగితం చేతిలో పట్టుకుని సత్యశ్రీ ఆ పిల్ల మొహంలోకి చూస్తూ నిలబడింది. ఇన్నాళ్ళూ కోరుకున్న మాట చేతిలో ఉంది, దాని వైపు చూడాలని కూడా లేదు. ఇంకొకళ్ళది బాగుంటే బాగుందని అంత తేలిగ్గా ఎలా అనగలిగింది? మూడు గైడులు కాదు, ముప్ఫై బట్టీ పట్టినా అది తనకి రాదు. సత్యశ్రీకి మళ్ళీ కడుపు రగిలింది.